లాస్ట్ డేట్ దాకా ఆగకు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ పెద్దమ్మా నేనూ కులాసా. నువ్వు హాస్టల్లో చేరి నెల దాటిందని, మెస్ భోజనానికి కొంచెం కొంచెంగా అలవాటు పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. మొన్న ఫోన్‌లో నువ్వు ఒక మాటన్నావు. "డిపార్ట్‌మెంట్ గ్రూపులో రోజుకి పది నోటీసులు వస్తున్నాయి పెదనాన్నా. ఏది నాకు పనికొస్తుందో తెలియడం లేదు. చూసి వదిలేస్తున్నాను" అని. ఆ మాట రెండు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను 31 ఏళ్ళు ఒక యూనివర్సిటీలో సైన్సు డిపార్ట్‌మెంటు ఆఫీసులో పనిచేశానని నీకు తెలుసు. సర్క్యులర్ వస్తే ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించడం, హెడ్ గారి సంతకం పెట్టించడం, అద్దాల నోటీసు బోర్డు తాళం తీసి గుండుపిన్నులతో గుచ్చడం నా పని. బెంగళూరు నుంచో ముంబై నుంచో వచ్చిన కాగితం ఆ అద్దం వెనక నెల రోజులు ఉండేది. పిల్లలు దాని పక్కనే నిలబడి ఇంటర్నల్ మార్కులు చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆఖరి రోజు సాయంత్రం నాలుగున్నరకి ఎవరో ఒకరు రొప్పుకుంటూ వచ్చేవారు.

అలా వచ్చిన ఒకమ్మాయి నాకింకా గుర్తు. క్లాసులో ఫస్ట్. సమ్మర్ ఫెలోషిప్ ఫారం చక్కగా నింపింది, మార్కుల జిరాక్సులు జత చేసింది. కావలసింది హెడ్ గారి సంతకం ఒక్కటే. ఆయన ఆ ఉదయమే సెలక్షన్ కమిటీ పని మీద ఢిల్లీ వెళ్ళారు. రౌండ్ స్టాంపు నా డ్రాయర్లోనే ఉంది కానీ సంతకం లేకుండా నేను వేయలేను. ఆ పిల్ల ఐదున్నర దాకా బయట బెంచీ మీద కూర్చుంది. తర్వాత ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడాది ఫెలోషిప్ వచ్చింది ఆమె కన్నా బాగా తక్కువ మార్కులున్న ఒక అబ్బాయికి. అతను రెండు వారాల ముందే నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, హెడ్ గారు ఈ నెలలో ఏ రోజుల్లో ఊళ్ళో ఉంటారు?" అని అడిగి, తేదీలు చేతి మీద రాసుకుని వెళ్ళాడు.

ఇప్పుడు ఫారాలన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి కదా అంటావు. నిజమే. ఢిల్లీ వెళ్ళిన హెడ్ గారి స్థానంలో ఇప్పుడు ఓటీపీ వచ్చి కూర్చుంది, అంతే తేడా. నీ ఆధార్‌కి ఉన్నది మీ నాన్న ఫోన్ నంబర్. నువ్వు వైజాగ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటావు, ఓటీపీ పలాస దగ్గర జీడితోటలో ఉన్న ఆయన ఫోన్‌కి పోతుంది. తోటలో సిగ్నల్ ఉండదు. ఆయన ఇంటికొచ్చి చూసుకుని నీకు చదివి చెప్పేసరికి దాని టైమ్ అయిపోతుంది. కాబట్టి అన్నిటికన్నా ముందు ఈ శనివారమే ఆధార్ సెంటర్‌కి వెళ్ళి నీ నంబర్ పెట్టించుకో.

ఆ చేత్తోనే ఇంకొన్ని పనులు చూసుకో. టెన్త్ మెమోలో నీ ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమే ఉందా? ఆధార్‌లో ఎలా ఉంది? రెండూ ఒకేలా లేకపోతే ఇప్పుడే సరిచేయించు. స్కాలర్‌షిప్పులు ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే పెద్దది. బ్యాంకుకి వెళ్ళి నీ ఖాతా ఆధార్‌తో సీడింగ్ అయిందో లేదో అడుగు. ఖాతా నంబర్ ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. ప్రభుత్వం వేసే డబ్బు ఆధార్‌కి ముడిపడ్డ ఖాతాకే వస్తుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్, క్యాస్ట్ సర్టిఫికెట్ మీ నాన్నని సచివాలయంలో ఇప్పుడే పెట్టమని నేను చెప్తాను. ఫొటో, సంతకం, మార్కుల మెమోలు స్కాన్ చేసి ఫోన్‌లో ఒక ఫోల్డర్, మెయిల్లో ఒక కాపీ ఉంచుకో. వాళ్ళడిగే సైజుకి ఫొటోని కుదించడం కూడా ముందే నేర్చుకో. ఆఖరి రాత్రి పదకొండున్నరకి సర్వర్ ఆడనప్పుడు నేర్చుకునే విద్య కాదది.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి, ఏది పనికొస్తుంది అని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాదిలో ఉన్నావు. నన్నడిగితే ఈ ఏడాదికి నీ గురి ఒక్కదాని మీదే ఉండాలి. వేసవిలో రెండు నెలలు ఒక మంచి ల్యాబులో పనిచెయ్యాలి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఒకటి బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, రెండోది ఢిల్లీలోది, మూడోది ప్రయాగ్‌రాజ్‌లోది. సెలెక్ట్ అయితే దేశంలో ఏదో ఒక సంస్థలో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పని, నెలనెలా స్టైపెండ్. బెంగళూరు అకాడమీని 1934లో స్థాపించింది సి.వి. రామన్. ఆయన బాల్యం గడిచింది మీ వైజాగ్‌లోనే తెలుసా? వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్.

దీనికి నోటిఫికేషన్ సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లో వస్తుంది. సరిగ్గా పిల్లలు ఇళ్ళకెళ్ళే సమయం. పండక్కి వచ్చినప్పుడు కూడా వాళ్ళ సైట్ రెండు రోజులకోసారి చూస్తూ ఉండు. దరఖాస్తులో మార్కులు కాకుండా రెండు ముఖ్యమైనవి ఉంటాయి. ఒకటి నువ్వేం చేయాలనుకుంటున్నావో రాసే చిన్న వ్యాసం, రెండోది మాస్టారి రెకమెండేషన్ లెటర్.

ఆ వ్యాసంలో "నాకు చిన్నప్పటి నుంచి సైన్సంటే ఇష్టం" అని మొదలుపెట్టకు. వచ్చిన కాగితాలు ఫైలు చేసేటప్పుడు నేను అలాంటివి కట్టలు కట్టలు చూశాను, ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా తేడా తెలిసేది కాదు. నువ్వు చేసింది రాయి. మొన్న చెప్పావు చూడు, లెన్సు కింద కాంతి వలయాలు కొలిచే న్యూటన్స్ రింగ్స్ ప్రయోగంలో నీ విలువ ఎప్పుడూ ఎక్కువే వస్తోంది, మైక్రోస్కోపు స్క్రూని ఒకే వైపు తిప్పుతూ రీడింగులు తీసుకుంటే సరిపోయింది అని. ఎంత సంతోషమేసిందో నాకు! అది రాయి. తప్పు ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకున్న పిల్ల అని చదివినవాళ్ళకి నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రాయాలంటే నీకు టెన్షన్ అని నాకు తెలుసు. ముందు తెలుగులో రాసుకో. చెప్పాల్సింది తేలాక, చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టు. దాన్ని ఒక సీనియర్‌కి చూపించు.

లెటర్ ఎవరిని అడగాలి? పెద్ద పేరున్న ప్రొఫెసర్ గారినే అడగాలని పిల్లలు అనుకుంటారు. నిన్ను ఆయన ఎరగనే ఎరగకపోతే "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రెండు ముక్కలు రాసిస్తారు. అంతకన్నా ఎక్కువ ఆయన మాత్రం ఏం రాయగలరు? ప్రాక్టికల్స్‌లో నీ పక్కన నిలబడి నీ రీడింగులు చూసిన మేడమ్‌ని అడుగు. మూడు వారాల ముందు అడుగు. అడిగేటప్పుడు ఒక కాగితం ఇవ్వు. నీ మార్కులు, ఆవిడ క్లాసులో నువ్వు చేసిన పని, దరఖాస్తు ఎక్కడికి, ఆఖరి తేదీ ఎప్పుడు, ఇంతే. వారం ముందు ఒకసారి వెళ్ళి గుర్తుచెయ్యి. విసిగిస్తున్నానేమో అని మొహమాటపడకు. నేను చూసిన మాస్టార్లలో ఎక్కువమంది గుర్తుచేసిన పిల్లలకి థాంక్స్ చెప్పేవారు.

ఇదొక్కటే నమ్ముకుని కూర్చోకు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ళ వేసవి ప్రోగ్రామ్ ఉంది, కొన్ని ఐఐటీలు కూడా సమ్మర్ ఫెలోషిప్పులు ఇస్తాయి. వాటి నోటీసులు ఎక్కువగా సంక్రాంతి తర్వాత వస్తాయి. ఒకసారి వ్యాసం, లెటర్ తయారయ్యాయంటే మిగతావాటికి మార్చుకోవడం పెద్ద పని కాదు. ఏదీ రాకపోతే? లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మీ క్యాంపస్‌కి దూరం కాదు. మీ డిపార్ట్‌మెంట్ లెటర్ పట్టుకుని ప్రాజెక్టుకి అడిగి చూడు.

పరీక్షల సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు, అందుకని క్లుప్తంగా చెప్తాను. ఎంటెక్, పీహెచ్‌డీ సీట్లకి పనికొచ్చే గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు మాత్రం ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే తీసుకుంటారు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది కాబట్టి ఈ ఏడాదే ఒకసారి రాసెయ్. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఫిజిక్స్ పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష జెస్ట్, రీసెర్చ్ ఫెలోషిప్ కోసం ఏడాదికి రెండుసార్లు జరిగే సీఎస్ఐఆర్ నెట్ వచ్చే ఏడాదికి పెట్టుకో.

నీలాంటి పిల్లలకి నేను తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచ ప్రసిద్ధులైన సి.ఆర్. రావు గారు 1940లో మీ ఆంధ్రా యూనివర్సిటీలోనే గణితంలో ఎమ్మే చేశారు. అక్కడే రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటే, దరఖాస్తు గడువులోగా అందలేదని తిరస్కరించారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. బస చేసిన చోట ఒకాయన పరిచయమై, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెబితే, అదేమిటో చూద్దామని రావు గారు కూడా వెళ్ళి చూశారు. 1941 జనవరి 1న అక్కడ చేరారు. తర్వాత సంగతి లోకమంతా ఎరుగును. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. నన్నడిగితే ఆయనకి దారి చూపించింది పక్కమనిషిని పలకరించడమే.

అందుకే సెమినార్లకి వెళ్ళమంటాను. అటెండెన్స్ కోసం, సర్టిఫికెట్ కోసం వెళ్ళి వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటే ఆ రోజు వృథా. ముందు రోజు ఆ వచ్చే ఆయన ఏం పనిచేస్తారో అరగంట చదువుకుని వెళ్ళు. రెండో వరసలో కూర్చో. అర్థం కాని మాట ఒకటి రాసుకో. అసలు పని టీ బ్రేక్‌లో ఉంటుంది. నేను ఎన్నో సెమినార్లకి టీ, సమోసాలు చూసుకున్నాను. ప్రతిసారీ ఒకటే దృశ్యం. బయట నుంచి వచ్చిన శాస్త్రవేత్త పేపర్ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటారు, మన పిల్లలు నలభైమంది అవతలి గోడకి అంటుకుపోయి ఉంటారు. వెళ్ళి ఒక ప్రశ్న అడిగితే ఆయన మొహం వికసిస్తుంది. తప్పు ఇంగ్లీషులో అడిగినా సరే. తెలుగాయనైతే తెలుగులోనే అడుగు. వేసవికి మీ ల్యాబులో విద్యార్థుల్ని తీసుకుంటారా అని అడిగి, మెయిల్ ఐడీ రాయించుకో. ఆ రాత్రే రెండు వాక్యాల మెయిల్ పెట్టు.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో అదే రోజు, కాంతి చెదరడం గురించి రామన్ కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్ బయటపడింది. చాలా సంస్థలు ఆ రోజుల్లో ల్యాబులు జనానికి తెరుస్తాయి. మీ బ్యాచ్ అంతా కలిసి వెళ్ళేలా మాస్టారిని ఇప్పుడే అడగండి.

ఎన్‌ఎస్‌ఎస్, అదే జాతీయ సేవా పథకం గురించి అడిగావు. చేరు. 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది మొదలైంది అది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ఊళ్ళో వారం రోజుల క్యాంపు. సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది. క్యాంపులో యాభైమందికి వంట, పడక, నీళ్ళు చూసుకోవడం ఏ ల్యాబులోనూ నేర్పరు. యూత్ ఫెస్టివల్‌కి డిబేట్‌లో పేరివ్వు, చిన్నప్పుడు మీ తాతయ్యతో వాదించిన గొంతు అది. కానీ ఫెస్టివల్ ప్రాక్టీసు, ఫెలోషిప్ దరఖాస్తు ఒకే వారంలో పడితే దరఖాస్తుకే ముందు కూర్చోవాలి.

ఒక జాగ్రత్త. ఇంటర్న్‌షిప్ ఇస్తామని ముందుగా డబ్బు కట్టమనే వాళ్ళ జోలికి పోకు. పరీక్షకి ఫీజు ఉంటుంది, అది వేరు. నేను చెప్పిన ఫెలోషిప్పుల్లో వాళ్ళు నీకు ఇస్తారు, నీ దగ్గర తీసుకోరు. ఫార్వర్డ్ వచ్చిన లింకు నొక్కకుండా ఆ సంస్థ సొంత సైట్‌కి వెళ్ళి చూడు. అనుమానమొస్తే నాకు పంపు, నేను ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆఫీసులకి ఫోన్ చేసి మాట్లాడటం నాకు అలవాటే.

గ్రూపులో వచ్చే పది నోటీసులు రోజూ రాత్రి భోజనం తర్వాత ఐదు నిమిషాలు చూడు. నీకు అర్హత ఉన్నవి మాత్రం ఒక నోటుబుక్కులో ఎక్కించు. పేరు, ఆఖరి తేదీ, కావలసిన కాగితాలు, ఎవరి సంతకం. ఆఖరి తేదీ పక్కనే పది రోజుల ముందు తేదీ ఒకటి ఎర్ర ఇంకుతో రాసుకో, నీకు లాస్ట్ డేట్ అదే. ఆ పుస్తకం కోసం ఒక లాంగ్ నోటుబుక్కు, ఎర్ర పెన్ను, మీ పెద్దమ్మ చేసిన సున్నుండలు వచ్చే ఆదివారం మీ నాన్న చేత పంపిస్తున్నాను. డబ్బాలో అడుగున ఉన్నవి నీ రూమ్మేట్‌కి.

ఆధార్‌లో నంబర్ మారగానే నాకొక మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న