పదిమంది వాడే మా బిల్లింగ్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ నుంచి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) డేటాబేస్‌కి మార్చాలంటే మైఎస్‌క్యూఎల్ మేలా, పోస్ట్‌గ్రెస్ మేలా? ఎన్నాళ్లు పడుతుంది?

పోస్ట్‌గ్రెస్. ఇందులో రెండో మాట లేదు. మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన మరియాడీబీ వాడేవాళ్లు కింద కామెంట్లలో గొడవకు దిగుతారని తెలుసు. దిగనివ్వండి.

నాది కర్నూలు. పత్తి మండీలకూ నూనె మిల్లులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, దాని బాగోగులు చూసుకుంటూ బతుకుతున్నాను. మీది పదిమంది వాడే బిల్లింగ్ అన్నారు కాబట్టి ఆదోనిలో ఒక మండీకి జరిగింది చెబుతాను, మీకు అదే పనికొస్తుంది.

ఎక్స్‌ప్రెస్ అంటే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చిన్న ఎడిషన్, ఉచితమే. కానీ 2008 ఆర్2 నుంచి 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు. ఆ సంగతి వాళ్లేమీ దాచలేదు, మనమే చదవం. నిజానికి ఉత్త పట్టీలు (సరుకు అమ్మిన రైతుకిచ్చే లెక్క చీటీలు), జమాఖర్చులు అయితే మండీకి అంత జాగా ఎప్పటికీ అక్కర్లేదు. కాటా చీటీలను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి డేటాబేస్‌లోనే పెట్టుకోమని ఎవరో మహానుభావుడు సలహా ఇచ్చాడు. ఫొటో ఫోల్డర్‌లో ఉండాలి, అదెక్కడుందో ఆ చిరునామా మాత్రం టేబుల్‌లో ఉండాలి అని చెబితే "యాడుంటే ఏముంది సార్" అన్నారు. 10,240 ఎంబీ దాటుతోందని ఎర్రర్ వచ్చి, సరిగ్గా పత్తి సీజన్‌లో బిల్లులు ఆగాయి. హద్దు లేని ఎడిషన్ లైసెన్స్ ధర చెబితే షావుకారు కొత్తగా వేయించిన ఏసీ కింద కూర్చుని "అంతనా?" అన్నాడు. అలా మారాల్సి వచ్చింది.

మైఎస్‌క్యూఎల్ ఎందుకు వద్దన్నానంటే, దానికి యజమాని ఉన్నాడు. 2008లో సన్ కంపెనీ కొన్నది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నది. మధ్యలో, 2009లో, మైఎస్‌క్యూఎల్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకాయనే బయటికొచ్చి మరియాడీబీ అని వేరు కాపురం పెట్టాడు. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్కిలీ యూనివర్సిటీలో మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇవాళ్టికీ దాన్ని ఏ ఒక్క కంపెనీ కొనేయడానికి లేదు. నాకు ఆ ఒక్క కారణం చాలు. వేగం పోలికలు చూపించే వీడియోలు నేను చూడను. నలుగురు గుమాస్తాలు పట్టీలు కొట్టేచోట వేగం ఎవరికి కావాలి?

ఇంకొక కుర్రాడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి మోంగోడీబీ పెట్టమన్నాడు, అంటే టేబుళ్లు కాకుండా డాక్యుమెంట్లుగా దాచే డేటాబేస్. జమాఖర్చుకి మోంగోడీబీ! పైగా మీరు అడిగింది ఓపెన్ సోర్స్. అది 2018లోనే లైసెన్స్ మార్చుకుంది, ఆ కొత్త లైసెన్స్‌ని ఏది ఓపెన్ సోర్సో తేల్చే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఒప్పుకోలేదు.

సరే, అసలు కథ. రాత్రి డేటా ఎక్కించాం. ప్రతి టేబుల్‌లో రికార్డుల సంఖ్య సరిపోయింది. రైతులకిచ్చిన మొత్తం అడ్వాన్సులు, వాళ్లు తిరిగి కట్టిన మొత్తం జమలు పైసలతో సహా సరిపోయాయి. పొద్దున యార్డులో టెండర్లు, కాటాలు అయ్యి పట్టీలు కొట్టడం మొదలైంది. ఎమ్మిగనూరు వైపు రైతు ఒకాయన పట్టీ పట్టుకుని గుమాస్తా ముందుకొచ్చాడు.

"ఏమప్పా, దసరాకే కట్టేసినా కదా బాకీ? మళ్లా పట్టుకున్నారేంది? నా దుడ్లు యాడికి పోయినాయి?"

గుమాస్తా స్క్రీన్ చూపించాడు. అడ్వాన్స్ ఉంది, జమ లేదు. ఆయన చొక్కా లోపలి జేబులోంచి మడతలు పడిన రసీదు తీసి బల్లమీద పెట్టాడు. మా సాఫ్ట్‌వేర్ కొట్టిన రసీదే. వెనకాల ఇంకో ఇద్దరు "నాది కూడా అట్లే ఉంది" అన్నారు. కేకలు మొదలయ్యాయి.

రసీదు మీద రైతు కోడ్ చూశాక సంగతి తెలిసింది. కోడ్‌లో ఇంగ్లీషు అక్షరం చిన్నది. ఖాతాలో అదే అక్షరం పెద్దది. ఆ మండీలో ఖాతాలు రాసే గుమాస్తా క్యాప్స్ లాక్ ఎప్పుడూ తీయడు. క్యాష్ దగ్గర కూర్చునే అబ్బాయి దాన్ని ఎప్పుడూ ముట్టుకోడు, పైగా కోడ్ కొట్టాక అలవాటుగా ఒక స్పేస్ కూడా కొడతాడు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు సెట్టింగులతో ఉంటే చిన్నక్షరం, పెద్దక్షరం ఒకటే అనుకుంటుంది, పోల్చేటప్పుడు చివరి స్పేస్‌ని పట్టించుకోదు. ఏళ్ల తరబడి వీళ్లిద్దరికీ అదే రాజీ కుదుర్చుతూ వచ్చింది. పోస్ట్‌గ్రెస్ ఆ పని చేయదు. రాసింది రాసినట్టే చూస్తుంది. జమలన్నీ టేబుల్‌లో భద్రంగానే ఉన్నాయి, అందుకే మొత్తాలు సరిపోయాయి. ఏ జమ ఏ రైతుదో మాత్రం కలవలేదు. మైఎస్‌క్యూఎల్ అయితే ఇదంతా బయటపడేదే కాదని వాదిస్తారు, అదీ మామూలుగా చిన్నాపెద్దా తేడా చూడదు కాబట్టి. బయటపడటమే నాకు నచ్చింది.

షావుకారు ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకం తెచ్చాడు. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ పుస్తకం రాస్తూనే ఉన్నాడని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ రోజు పట్టీలన్నీ ఆ పుస్తకం చూసే కొట్టాం.

సరిచేయడం పెద్ద పనేమీ కాలేదు. కోడ్‌ల చివరి ఖాళీలు తీసేసి, అన్నీ పెద్దక్షరాల్లోకి మార్చి, ఇకమీద వేరేలా రాస్తే తీసుకోకుండా చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, ఖాతా లేని కోడ్‌కి జమ పడకుండా ఫారిన్ కీ పెట్టాం. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అయితే అన్నీ అవుతాయి, లేకపోతే ఏదీ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పులను కూడా రోల్‌బ్యాక్ చేయొచ్చు, అంటే వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్ కొట్టగానే అప్పటిదాకా చేసింది కమిట్ అయిపోతుంది, ఇక వెనక్కి రాదు. తెల్లారితే యార్డు తెరిచే చోట ఆ తేడా చాలా పెద్దది. పోస్ట్‌గ్రెస్‌కి సిటెక్స్ట్ అనే ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించుకునే భాగం) వాడమని కొందరు చెబుతారు. అది అక్షరాల తేడా చూసుకుంటుంది కానీ చివరి స్పేస్‌ని ఏమీ చేయదు.

మిగతావి చిన్న పనులు. పాత క్వెరీల్లో టాప్ అనే మాట ఉన్నచోట లిమిట్, ఇజ్‌నల్ ఉన్నచోట కోఅలెస్ అని మార్చండి, టేబుల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లో పెట్టుకుంటే కోట్స్ బాధ ఉండదు. సీఎస్‌వీ ఫైళ్లతో ఎక్కిస్తే కొత్త నంబర్లు ఇచ్చే సీక్వెన్స్‌లను చివరి నంబర్‌కి జరపండి, లేకపోతే మొదటి బిల్లుకే డూప్లికేట్ కీ అంటుంది. రైతుల పేర్లు తెలుగులో కొట్టి, కాలమ్ మాత్రం యూనికోడ్ కాని వార్‌చార్ అని పెట్టి ఉంటే అవి ఎప్పుడో ప్రశ్నార్థకాలు అయిపోయి ఉంటాయి. వాటిని ఏ డేటాబేస్ కూడా తిరిగి తెలుగు చేయలేదు, పాత రసీదులు చూసి మళ్లీ కొట్టించాల్సిందే.

ఎన్నాళ్లు పడుతుందంటే మీ డేటా చూడకుండా ఎవరు చెప్పినా నమ్మకండి. పాత సర్వర్‌లోనే ఒక పని చేయండి. కస్టమర్ కోడ్‌లను బైనరీ కొలేషన్‌తో (చిన్నాపెద్దా అక్షరాలు వేరని చూసే పోలికతో) ఒకసారి, మామూలుగా ఒకసారి డిస్టింక్ట్ కౌంట్ (వేర్వేరు కోడ్‌లు ఎన్నో) తీయండి. స్పేసుల కోసం పొడవు చెప్పే డేటాలెంగ్త్ ఫంక్షన్ వాడండి. లెన్ వాడితే లాభం లేదు, అది చివరి ఖాళీలను లెక్కలోకి తీసుకోదు. వచ్చిన అంకెలు కామెంట్‌లో పెట్టండి, అవి చూసి చెబుతాను. డేటాబేస్‌లో ఫొటోలు ఉన్నాయేమో కూడా రాయండి.