అల్లుడూ, ముందు ఆ నడక తగ్గించు

చిన్నా,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ మూడు రోజులు ఆడితే తొమ్మిదో లెవెల్, హాగర్ అనే శత్రువు చేతిలో నాలుగు చావులు, పైగా "అత్తా, ఈ మేజ్‌ని (మంత్రగాణ్ణి) డిలీట్ చేసి వారియర్‌తో మొదలుపెడతా" అని బెదిరింపు. డిలీట్ చెయ్యకు. వారియర్‌వైతే ఈపాటికి పదిసార్లు చచ్చి ఉండేవాడివి. మంచు విసిరేవాడికి కనీసం పారిపోయే దారైనా ఉంటుంది.

ఈ ఆట నాకెలా వచ్చో మీ నాన్నకి తెలియదు, నువ్వూ చెప్పకు. 2006 లో మేం ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. నాది హెచ్4 వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. మీ మామయ్య పొద్దున్నే రైలెక్కి న్యూయార్క్ వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. నాకు కారు నడపడం రాదు, బయటేమో మంచు. పక్క అపార్ట్‌మెంట్‌లో అమ్మాయి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుతుంటే వెనక నిలబడి చూసి చూసి నేనూ మొదలుపెట్టాను. పదో లెవెల్‌కి చేరడానికి రెండు వారాలు పట్టింది. తర్వాత 2019 ఆగస్టులో ఆ పాత ఆటనే క్లాసిక్ అని మళ్ళీ తెచ్చారు. అప్పటికి నాకు నలభై దాటాయి. అదే పదో లెవెల్‌ని ఒక్క శనివారంలో దాటేశాను. వేళ్ళు చురుగ్గా అయ్యాయా అంటే లేదు, మణికట్టు నొప్పి కొత్తగా వచ్చింది. మొదటిసారి నా టైమంతా నడకలోనూ, చచ్చి దెయ్యమై శవం దగ్గరికి పరిగెత్తడంలోనూ పోయింది. రెండోసారి ఆ రెండూ తగ్గించుకున్నాను, అంతే. నీ మెసేజ్ చదువుతుంటే 2006 లో నేనే గుర్తొచ్చాను.

లెక్క చూడు. తొమ్మిది నుంచి పదికి 6500 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) కావాలి. నీ లెవెల్‌దే ఒక మాబ్‌ని (ఆట నడిపే శత్రువుని) చంపితే 90 వస్తుంది (లెవెల్‌ని ఐదుతో గుణించి 45 కలిపితే వచ్చే అంకె అది). అంటే ఒక్క క్వెస్ట్ (ఆటలో అప్పగించే పని) కూడా చెయ్యకపోయినా 73 మాబ్‌లు. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా మొత్తం నలభై నిమిషాల లోపే. మరి రెండు సాయంత్రాలైనా నీకింకా ఎందుకు అవ్వలేదు? మాబ్‌ల దగ్గర నువ్వు గడిపిన టైమ్ తక్కువ కాబట్టి. నువ్వే రాశావుగా, ఫార్గోడీప్ గనిలోకి మూడుసార్లు వెళ్ళొచ్చానని.

ఆ గని సంగతి చెప్తాను. గోల్డ్‌షైర్ ఊళ్ళో దానికి సంబంధించి మూడు పనులు దొరుకుతాయి. మార్షల్ డుఘన్ గనిని చూసి రమ్మంటాడు. సత్రంలో ఉండే విలియం పెసిల్‌కి కోబోల్డ్‌ల (గనిలో ఉండే ఎలుకలాంటి జీవులు) దగ్గరున్న కొవ్వొత్తులు ఎనిమిది కావాలి. బయట నిలబడే రెమీకి బంగారు పొడి పది. ఈ మూడూ ఒకేసారి తీసుకుని ఉంటావు, అక్కడిదాకా అందరూ చేస్తారు. కానీ గనికి తిన్నగా వెళ్ళకు. దారిలో, గనికి పక్కనే, రెండు పొలాలున్నాయి, స్టోన్‌ఫీల్డ్‌లవి, మెక్లూర్‌లవి. అక్కడ బెర్నీస్ అత్త గొలుసు పోయిందని గోల పెడుతుంటుంది. బిల్లీ తీశాడని ఆవిడ అనుమానం. వాడి దగ్గరికి వెళ్తే, తినడానికి పై తెచ్చిపెడితేగానీ నోరు విప్పనంటాడు. పై వండాలంటే అడవిపంది మాంసం నాలుగు ముక్కలు కావాలి, ఆ పందులు పొలాల చుట్టూనే తిరుగుతుంటాయి. తీరా వాడు తిన్నాక చెప్పేదేంటంటే, గొలుసుని గోల్డ్‌టూత్ అనే కోబోల్డ్ ఎత్తుకుపోయాడని. వాడుండేది అదే గనిలో! ముందు గని పూర్తి చేసుకుని తర్వాత గొలుసు గొడవ మొదలుపెట్టినవాడు అదే గనిలోకి మళ్ళీ దిగాలి. ముందే గొలుసు కథ గోల్డ్‌టూత్ దాకా తెచ్చుకుంటే ఒక్కసారి దిగితే నాలుగు పనులు.

అన్నట్టు ఆ రెండు పొలాల వాళ్ళకీ పడదు. వాళ్ళబ్బాయికీ వీళ్ళమ్మాయికీ మధ్య ఉత్తరం మోసే పని కూడా నీదే. అచ్చం మన సీరియల్. కానీ మొయ్యి, చెయ్యి తడవకుండా వచ్చే ఎక్స్‌పీ అది.

గనిలో ఎవరైనా "గ్రూప్‌లోకి వస్తావా" అని అడిగితే, నీ చేతిలో ఏ క్వెస్ట్ ఉందో చూసుకుని చెప్పు. ఫలానావాళ్ళని ఇంతమందిని చంపు అనే క్వెస్ట్ అయితే వెంటనే చేరు, ఎవరు చంపినా ఇద్దరికీ లెక్కలోకి వస్తుంది. కొవ్వొత్తులు, బంగారు పొడి లాంటివైతే ఎవరి వాటా వాళ్ళకి విడిగా పడాలి. ఇద్దరికి పదహారు కొవ్వొత్తులు కావాలి, చంపిన ఎక్స్‌పీ మాత్రం సగమే. గోల్డ్‌టూత్ లాంటి మొండివాడి దగ్గర సాయం తీసుకో, మిగతాది ఒంటరిగా కానివ్వు.

ఇక నీ చావుల సంగతి. మాబ్ లెవెల్ ఏ రంగులో కనిపిస్తోందో నువ్వు చూడట్లేదు. పసుపంటే నీకు రెండు లెవెల్స్ కిందా పైనా. నీ లెవెల్ వాడి మీద వందలో నాలుగు మంత్రాలు తగలవు, రెండు పైనున్నవాడి మీద ఆరు. అదే మూడు పైనైతే, అంటే రంగు నారింజలోకి మారగానే, ఒక్కసారిగా 17 అవుతుంది. అంత రిస్క్ తీసుకుంటే వచ్చే లాభం ఎంతనుకున్నావు? లెవెల్‌కి ఐదు శాతం చొప్పున పదిహేను శాతం ఎక్కువ ఎక్స్‌పీ. ఒక్క చావుతో ఆ లాభమంతా పోయి అప్పు మిగులుతుంది. పసుపునే కొట్టు, ఆకుపచ్చ ఎదురైనా వదలకు. బూడిద రంగుది మాత్రం ముట్టుకోకు, దానికి సున్నా.

కొట్టే పద్ధతి నేనైతే ఇలా చేస్తాను. ఫ్రాస్ట్‌బోల్ట్ (మంచు విసిరే మంత్రం) అందేంత దూరంలో ఆగి మొదటిది వెయ్యి. అది తగిలినవాడు నత్తలా నడుస్తాడు. వాడు నీ దగ్గరికి వచ్చేలోపు ఇంకో రెండు పడతాయి. దగ్గరికొచ్చాక ఫైర్ బ్లాస్ట్ అనే నిప్పు మంత్రం. కోబోల్డ్‌లు, డిఫయాస్ దొంగలు, మర్లాక్‌లు ప్రాణం చివరికొచ్చేసరికి పారిపోయి పక్కవాళ్ళని లాక్కొస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువమంది చచ్చేది అక్కడే. అందుకని చివరి దెబ్బకి ముందు వాడి మీద మంచు ఉందో లేదో చూసుకో. ఆ పనికి మొదటి ర్యాంక్ ఫ్రాస్ట్‌బోల్ట్ చాలు, మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) తక్కువ, త్వరగా పడుతుంది. పాతదని మంత్రాల బార్‌లోంచి తీసెయ్యకు. ఇద్దరు మీద పడితే ఒకణ్ణి పాలిమార్ఫ్ మంత్రంతో గొర్రెని చెయ్యి. గొర్రెగా ఉన్నంతసేపూ వాడి ప్రాణం నిండిపోతుంది, కాబట్టి ఇంకా కొట్టనివాణ్ణే గొర్రెని చెయ్యి. పదో లెవెల్లో ఫ్రాస్ట్ నోవా వస్తుంది, దగ్గరున్నవాళ్ళని కదలకుండా మంచులో బిగించేది. నువ్వు హైదరాబాద్ నుంచి నా కోసం అమెరికా సర్వర్‌లో చేరావు, పింగ్ (సిగ్నల్ వెళ్ళొచ్చే టైమ్) ఎక్కువ. వాడు నీ మీదికి రాలేదని నీ స్క్రీన్‌లో కనిపించేసరికే అక్కడ వచ్చేసి ఉంటాడు. నోవా నీకు సరైన సమయం అనిపించేదానికంటే కొంచెం ముందే నొక్కెయ్యి.

నీళ్ళు. మేజ్ సగం జీవితం మానా నింపుకోవడానికి, మంత్రంతో చేసుకున్న నీళ్ళు కూర్చుని తాగడమే, దాన్ని తప్పించుకోలేం, తగ్గించుకోగలం. మంత్రం వేశాక ఐదు సెకన్ల దాకా మానా మామూలుగా పెరగడం మొదలవ్వదు. మాబ్ ప్రాణం అయిదోవంతు మిగిలినప్పుడు ఇంకో మంత్రం వెయ్యకుండా వాండ్‌తో (మంత్రదండంతో) ముగిస్తే, ఆ కాసేపట్లోనే మానా కదులుతుంది. ఐదో లెవెల్ నుంచే వాడుకోదగ్గ లెస్సర్ మ్యాజిక్ వాండ్ ఉంది, ఎన్‌చాంటింగ్ విద్య నేర్చిన ఆటగాళ్ళు చేసి అమ్ముతారు. నీ దగ్గర వాండ్ లేదని నాకు తెలుసు. ఉండుంటే నువ్వు గొప్పగా చెప్పుకునేవాడివి. ఇంకొకటి, ఊళ్ళోకి తిరిగి నడవబోయేముందు మిగిలిన మానా మొత్తం నీళ్ళు చెయ్యడానికి వాడెయ్యి. నడిచేలోపు మానా దానంతటదే నిండుతుంది, నీళ్ళు ఊరికే వచ్చినట్టు. ఆట ఆపేముందు మాత్రం నీళ్ళు చేసుకోకు, లాగౌటై పావుగంట దాటితే మాయమైపోతాయి.

సంచుల గురించి నువ్వడగలేదు కానీ నాకు భయంగా ఉంది. మొదట ఇచ్చే సంచిలో 16 గళ్ళే. అవి నిండిన ప్రతిసారీ నువ్వు ఊళ్ళోకి నడుస్తున్నావు. ట్రైనర్ దగ్గర కనిపించిన మంత్రమల్లా కొంటూ కూర్చుంటే సంచులకి డబ్బు మిగలదు. ఫ్రాస్ట్‌బోల్ట్, గొర్రె, నీళ్ళు, నోవా, ఇవి కొను. ఆర్కేన్ మిసైల్స్ నా లెక్కలో దండగ, వేరేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. నలభయ్యో లెవెల్లో గుర్రానికీ స్వారీ నేర్పినందుకూ కలిపి 100 గోల్డ్ (ఆటలోని డబ్బు) అవుతుందని ఎవడో నిన్ను భయపెట్టి, అసలు డబ్బుతో గోల్డ్ కొనే సైట్ చూపించాడన్నావు. కొన్నావంటే అకౌంటే పోవచ్చు, నేను మాత్రం నీతో మాట్లాడను.

పడుకునేముందు ఎక్కడున్నా గోల్డ్‌షైర్ సత్రంలోకి వచ్చి లాగౌట్ అవ్వు. హార్త్‌స్టోన్ (సత్రానికి తిరిగి తెచ్చే రాయి) అక్కడే కట్టుకుని ఉంటే ఒక్క క్లిక్‌లో వస్తావు, తర్వాత గంట దాకా పని చెయ్యదు గనక రోజులో ఆఖరి పనికి దాచుకో. సత్రంలో ఎనిమిది గంటలుంటే లెవెల్‌లో ఐదు శాతం మేర విశ్రాంతి జమవుతుంది, అది ఉన్నంతవరకూ ప్రతి మాబ్‌కీ రెట్టింపు ఎక్స్‌పీ. అడవిలో లాగౌట్ అయితే నాలుగోవంతు వేగంతోనే జమవుతుంది. సెమిస్టర్ పరీక్షలని పది రోజులు ముట్టుకోకపోయినా నష్టం లేదు, లెవెలున్నర దాకా నిండి ఉంటుంది. ఈ మాట మీ నాన్నకి కావాలంటే చెప్పు.

పదో లెవెల్ తర్వాత అందరూ పక్క ప్రాంతం వెస్ట్‌ఫాల్ వెళ్ళమంటారు. వెళ్ళు, ఫ్లైట్ పాయింట్ (ఎగిరి వెళ్ళే మజిలీ) తీసుకో, పదకొండు దాకా చేసుకో. అక్కడి పొలాల్లో తిరిగే ఇనప యంత్రాలు గొర్రెలవవు, ఆ నమ్మకంతో ఇద్దరి మీదికి వెళ్ళకు. ముందుకు సాగట్లేదనిపించగానే స్టార్మ్‌విండ్ నగరం నుంచి ట్రామ్ ఎక్కి ఐరన్‌ఫోర్జ్ వెళ్ళు, టికెట్ లేదు. అక్కణ్ణుంచి లోక్ మోడాన్‌కి నడువు. నడకే, కానీ ఇది పనికొచ్చే నడక.

హాగర్ పదకొండో లెవెల్ ఎలీట్, అంటే మామూలు మాబ్‌ల కంటే చాలా బలమైనవాడు. ఒంటరిగా వాణ్ణి కొట్టాలనుకోవడం నీ తప్పే, వాడి తప్పేం లేదు. నా అరవయ్యో లెవెల్ మేజ్‌తో వచ్చి ఒక్క దెబ్బతో చంపెయ్యమని నువ్వు అడగబోతున్నావని తెలుసు. నేను గ్రూప్‌లో ఉంటే నా లెవెల్‌కి హాగర్ బూడిద రంగు, నీకు చంపిన ఎక్స్‌పీ రాదు. అందుకని నిన్న కొత్తగా ఒక హ్యూమన్ ప్రీస్ట్‌ని (గాయాలు మాన్పే పాత్ర) మొదలుపెట్టాను, ఇప్పుడు ఏడో లెవెల్. శనివారం మీకు రాత్రి తొమ్మిదికి, నాకు ఉదయం పదిన్నరకి వస్తాను. నువ్వు కొట్టు, నేను నిన్ను బతికిస్తూ ఉంటాను. ఆట చాట్ ఛానెల్‌లో ఇంకో ఇద్దరిని పిలుద్దాం.

వాండ్ ఒకటి, ఆరు గళ్ళ సంచులు నాలుగు ఇప్పుడే పోస్ట్ చేశాను. చేరడానికి గంట పడుతుంది. పోస్ట్‌బాక్స్ సత్రం బయటే ఉంది, చూసుకో.

మీ అత్త