ధార కొడుతోంది కదా అని ఆగకు, అల్లుడూ

కొరుక్కుపేట, చెన్నై

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

మొన్న రాత్రి ఫోన్‌లో నీ బోటు ఇంజిన్ని చల్లబరిచే నీళ్ల పంపు గురించి నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "ఇంజిన్ పక్కనుంచి నీళ్ల ధార బాగానే కొడుతోంది మామా, ఇప్పుడు పంపు విప్పడం ఎందుకు, తర్వాత చూద్దాంలే" అన్నావు. అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. సిగ్నల్ సరిగ్గా లేక సగం మాటలు గాలికి పోయాయి. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు. ఎన్నూరు దాకా వచ్చి నీ పక్కన కూర్చుని చూపించలేను. అందుకే రాస్తున్నాను. పంపు విప్పే రోజు ఈ కాగితం దగ్గర పెట్టుకో.

నువ్వు కొన్నది పాత ఇంజిన్. అమ్మినాయన పంపు ఎప్పుడు మార్చాడో చెప్పలేదు, నువ్వూ అడగలేదు. కాసిమేడు షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా ఈ ఇంజిన్లు విప్పాను. పాత ఇంజిన్ ఎవరు తెచ్చినా నేను ముందు లోయర్ యూనిట్, అంటే ప్రొపెల్లరూ గేరుబాక్సూ ఉండే కింది భాగం, దించి పంపు చూసేవాణ్ణి. ప్లగ్గూ కార్బురేటరూ ఆ తర్వాతే. కార్బురేటర్ చెడితే ఇంజిన్ ఆగుతుంది, బాగు చేసుకోవచ్చు. పంపు చెడితే పిస్టన్ పట్టేస్తుంది, ఆపైన ఇంజినే ఉండదు.

ఇంతకీ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నీకే భయం పుడుతుంది. కారుకైతే రేడియేటర్ ఉంటుంది, అందులో పోసిన నీళ్లే తిరుగుతూ ఉంటాయి. బోటు వెనక బయట తగిలించే మన అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి అది లేదు. సముద్రమే దాని రేడియేటర్. ప్రొపెల్లర్ పైన లోయర్ యూనిట్‌కి రెండు పక్కలా జల్లెడలాంటి కంతలు ఉంటాయి చూడు, అక్కడినుంచి నీళ్లు లోపలికి పోతాయి. గేరుబాక్స్ నెత్తిన గిన్నెలాంటి డబ్బా, అందులో రబ్బరు చక్రం. దాన్నే ఇంపెల్లర్ అంటాం. చాలావాటికి 6 రెక్కలుంటాయి. ఇంజిన్ తిప్పే షాఫ్ట్ దాని మధ్యలోంచి పోతుంది, కీ అనే చిన్న లోహపు ముక్క చక్రాన్ని షాఫ్ట్‌తో పాటు తిప్పుతుంది. గిన్నె సరిగ్గా నడిమధ్యకి ఉండదు, కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. అందుకే ఒక పక్క రెక్కలు ముడుచుకుంటాయి, ఇంకో పక్క తెరుచుకుంటాయి. తెరుచుకున్నప్పుడు నీళ్లు పీల్చుకుంటాయి, ముడుచుకున్నప్పుడు పైకి తోస్తాయి. ఆ నీళ్లు పైపులోంచి పైకెక్కి సిలిండర్ చుట్టూ, హెడ్ చుట్టూ తిరిగి, పొగతో కలిసి కిందకి దిగిపోతాయి. అందులోంచి కొంచెం పక్కకి తీసి సన్నని కంతలోంచి బయటికి కొట్టిస్తారు. నువ్వు చూస్తున్న ధార అదే.

అంటే ధార చెప్పేది ఒక్కటే: ఈ క్షణాన పంపు నీళ్లు తోస్తోంది. రబ్బరు ఎంత గట్టిపడిందో, రెక్క మొదట్లో ఎంత చీలిందో అది చెప్పదు. నెమ్మదిగా నడిపేటప్పుడు రెక్కలు గిన్నె గోడని రాసుకుంటూ తోస్తాయి. వేగం పెరిగితే ముడుచుకునే ఉండి, విసురుతో నెడతాయి. అందుకని అరిగిన ఇంపెల్లర్ కూడా వేగంగా నడుపుతున్నంతసేపు ధార కొడుతుంది. గట్టు దగ్గర ఐడిల్‌లో, అంటే గేరు వెయ్యకుండా నెమ్మదిగా తిరగనిచ్చినప్పుడు, బలహీనపడుతుంది. నువ్వు చూడాల్సింది ఐడిల్‌లో.

నాకు జరిగింది చెబుతాను. మీ అమ్మకి తెలుసు, నీకు చెప్పి ఉండదు. షెడ్డు పెట్టకముందు నాకూ ఒక ఫైబర్ బోటు ఉండేది. ఒకసారి ధార సన్నబడితే గట్టున విప్పాను. అరచేతిలో పెట్టుకుని చూస్తే 6 రెక్కలకి 4 ఉన్నాయి. మిగిలినవి కూడా నిటారుగా లేవు, ఎండిన చింతకాయల్లా ఒకవైపు వంగిపోయి ఉన్నాయి. వేలితో వంచితే రెక్క మొదట్లో సన్నగా చీలిక కనబడింది. పోయిన రెండు రెక్కల్లో ఒక ముక్క గిన్నెలో దొరికింది. రెండోది దొరకలేదు. పైపులోకి నోటితో ఊదాను, గాలి పోయింది. బయటికి కొట్టుకుపోయి ఉంటుందిలే అనుకుని కొత్తది బిగించేశాను. ధార బ్రహ్మాండంగా వచ్చింది.

తొమ్మిదో రోజు తీరానికి చాలా దూరంలో ఉండగా ఇంజిన్ మీంచి పెయింటు మాడిన వాసన వచ్చింది. పక్కన చూస్తే ధార కొడుతూనే ఉంది. మూత తీసి హెడ్ మీద నాలుగు చుక్కలు చల్లితే చుయ్యిమని ఆవిరైపోయాయి. ఆపేలోగానే పిస్టన్ పట్టేసింది. ఆ రాత్రంతా లంగరు వేసుకుని ఉన్నాం, నేనూ ఇంకో ఇద్దరూ. తెల్లారాక వేరే బోటువాళ్లు లాక్కొచ్చారు. గట్టుకొచ్చి హెడ్ విప్పితే ఆ రబ్బరు ముక్క, చింతగింజంత, థర్మోస్టాట్ కింద, అంటే వేడెక్కితే తెరుచుకుని నీళ్లని వదిలే వాల్వ్ కింద, ఇరుక్కుని ఉంది. ధారకి పోయే దారి వేరు, హెడ్‌కి పోయే దారి వేరు. ఒకటి తెరిచే ఉంది, ఒకటి మూసుకుపోయింది.

కాబట్టి రెక్క తెగి ఉంటే ముక్కలన్నీ లెక్క తేలేదాకా బిగించకు. పక్కపక్కన పెట్టి చూడు, చక్రం పూర్తి కావాలి. దొరక్కపోతే థర్మోస్టాట్ తీసి, పైనుంచి కిందకి హోస్‌పైపుతో నీళ్లు తోయించు. నీళ్లు వచ్చిన దారినే ముక్క వెనక్కి వస్తుంది.

ఇప్పుడు విప్పే పని. గేరు ఏ పొజిషన్‌లో పెట్టాలో నీ మోడల్ మాన్యువల్ చూడు. కొన్నిటికి గేరు రాడ్డు జాయింటు ముందు విడదీయాలి. మరిచిపోయి లాగితే రాడ్డు వంగుతుంది. తర్వాత లోయర్ యూనిట్ బోల్టులు. అల్యూమినియంలో స్టీలు బోల్టు, మధ్యలో ఉప్పునీళ్లు, ఇది కలిస్తే బోల్టు తెల్లగా పట్టేస్తుంది. పానా వేసి బలం చూపించకు, తల తెగిపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలెయ్యి. పొద్దున బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టి, కొంచెం బిగించి, కొంచెం వదులు చెయ్యి. అలా ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే వస్తుంది. మళ్లీ బిగించేటప్పుడు ప్రతి బోల్టు మరల మీదా మెరైన్ గ్రీజు పుయ్యి. నువ్వు ఇవాళ పూసే గ్రీజే వచ్చే ఏడాది నీ పని గంటలో తేలేలా చేస్తుంది.

పంపు విప్పాక ఇంపెల్లర్ ఒక్కటే చూసి ఊరుకోకు. గిన్నె లోపలి స్టీలు కప్పు, కింద ఉండే స్టీలు ప్లేటు మీద గోరు గీసి చూడు. గోరు ఎక్కడైనా ఆగితే అది ఇసుక కోసిన గీత, ఆ భాగం మార్చెయ్యాలి. గీతలున్న ప్లేటు మీద కొత్త ఇంపెల్లర్ వేస్తే నీళ్లు పక్కనుంచి కారిపోతాయి. ప్యాకింగ్, ఓ-రింగ్ పాతవి వాడొద్దు. కిట్టు మొత్తం కొను, అదీ నమ్మకమైన కొట్లో. డూప్లికేట్ రబ్బరు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ఒక్క సీజన్‌లో గట్టిపడిపోతుంది. ఇంజిన్ ఖరీదు ముందు ఇంపెల్లర్ ఖరీదు చాలా చిన్నది. అక్కడ కక్కుర్తి పడకు.

బిగించేటప్పుడు రెక్కలకి సబ్బు నీళ్లో గ్లిజరినో రాయి. పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు రాయొద్దు, రబ్బరుకి నూనె పడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో పాటు మీ ఎన్నూరు క్రీక్‌లోకి, ఆ సముద్రపు పాయలోకి, నల్ల నూనె వచ్చింది గుర్తుందిగా? నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి నీళ్లలో నడిపితే ఆ ఏడాది ఇంపెల్లర్ ముందే మార్చుకోవాలి.

గిన్నెని ఇంపెల్లర్ మీదకి దించుతూ షాఫ్ట్‌ని పైనుంచి చూసి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు. దాదాపు అన్ని అవుట్‌బోర్డులూ ఆ వైపే తిరుగుతాయి. రెక్కలు అలాగే ముడుచుకుని కూర్చుంటాయి. ఒకసారి కూర్చున్నాక ఎప్పుడూ వెనక్కి తిప్పకు, రెక్కలు తిరగబడతాయి. షాఫ్ట్ పైన పళ్లకి గ్రీజు పలచగా పుయ్యి, కొసకి మాత్రం పూయొద్దు. అక్కడ గ్రీజు నిండితే షాఫ్ట్ పూర్తిగా లోపలికి కూర్చోదు. యూనిట్ పైకెత్తేటప్పుడు నీళ్ల పైపు రబ్బరు బుష్‌లోకి నేరుగా దిగిందో లేదో లైటు వేసి చూడు. నేర్చుకునే కుర్రాళ్లలో సగం మంది తప్పు చేసేది ఇక్కడే. పైపు పక్కకి పోతే కొత్త పంపు వేసినా నీళ్లు పైకెక్కవు.

థర్మోస్టాట్ చూడటం సులువు. ఒక దారం ముక్క దాని వాల్వ్ సందులో ఇరికించి, ఆ దారంతోనే దాన్ని గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. నీళ్లు వేడెక్కి వాల్వ్ తెరుచుకోగానే అది దారం వదిలేసి గిన్నెలో పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటరు చూడు. మనవి చాలావరకు 50, 60 డిగ్రీల మధ్య తెరుచుకుంటాయి. కారు ఇంజిన్ 80, 90 దగ్గర నడుస్తుంది. ఉప్పునీళ్లని అంత వేడి చేస్తే ఉప్పు, సున్నం పేరుకుని దారులు మూసుకుపోతాయి, అందుకే మనవాటిని చల్లగా నడిపిస్తారు. మెకానిక్ ఎవరైనా "థర్మోస్టాట్ పీకేద్దాం, ఇంకా చల్లగా ఉంటుంది" అంటే వినకు. ఇంజిన్ మరీ చల్లగా నడిచినా ఆయిల్ సరిగ్గా కాలదు, ప్లగ్గులు నల్లబడతాయి.

అంతా బిగించాక డ్రమ్ములో ఇంజిన్ దింపి, నీళ్లు కంతల పైకి బాగా వచ్చేలా నింపి స్టార్ట్ చెయ్యి. నిమిషంలోగా ధార రాకపోతే ఆపెయ్యి. నీళ్లు లేకుండా మాత్రం స్టార్ట్ చెయ్యకు. "ఒక్కసారి కొట్టి చూద్దాం" అని ఇసుక మీద బోటు ఉండగానే తాడు లాగేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఇంపెల్లర్‌కి నీళ్లే నూనె. పొడిగా తిరిగితే కొన్ని క్షణాల్లోనే రెక్కల అంచులు కాలిపోతాయి.

మీ దగ్గర ఇంకో ప్రమాదం క్రీక్ మొగ, అది సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసుక మేట, లోతు తక్కువ, నీళ్లలో బూడిద మడ్డి కూడా ఉంటుంది. ఇంజిన్‌తో దాన్ని చీల్చుకుంటూ పోతే ప్రొపెల్లర్ లేపిన మడ్డంతా కంతల్లోంచి పంపులోకే పోతుంది. మొగ దాటేదాకా ఇంజిన్ ఎత్తి గెడ వెయ్యి. పది నిమిషాల చెమట, అంతే. మాన్యువల్‌లో 100 గంటలకో ఏడాదికో పంపు చూడమని రాసి ఉంటుంది. అది శుభ్రమైన నీళ్ల లెక్క. నీకు ఆరు నెలలకోసారి విప్పమని చెబుతున్నాను, ఏడాది తిరిగితే బాగున్నా మార్చెయ్యమంటున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పెద్ద బోట్లకి వేట నిషేధం కదా, అప్పుడు షెడ్లన్నీ వాటితో నిండిపోతాయి, నీ పని ఎవరూ పట్టించుకోరు. మార్చిలోనే చేసుకో.

రోజూ వచ్చాక మంచినీళ్లతో కడగడం మానకు. 2019 వేసవిలో ఊళ్లో తాగడానికే నీళ్లు లేక లారీల వెనక బిందెలతో పరిగెత్తాం. ఇంజిన్‌కి నీళ్లు ఎవరు పోస్తారు? ఆ ఏడాది చివర్లో నా షెడ్డుకి వచ్చిన ఇంజిన్ల హెడ్లు విప్పితే దారులన్నీ ఉప్పుతో పెంకు కట్టి ఉన్నాయి. అలాంటి కరువొస్తే డ్రమ్ము నీళ్లు పారబోయకుండా రెండు మూడు రోజులు వాడుకో. సముద్రపు నీళ్లకంటే అవి ఎంతో నయం. థర్మోస్టాట్ తెరుచుకుని నీళ్లు లోపలంతా తిరగాలి కాబట్టి ఇంజిన్‌ని డ్రమ్ములో పది నిమిషాలైనా నడవనివ్వు. పక్కనున్న పైపు కనెక్షన్‌తో కడిగేటట్టయితే మాత్రం ఇంజిన్ ఆపే కడుగు. ఆ దారిన వచ్చిన నీళ్లు పంపుకి చాలవు.

సముద్రంలో ధార ఆగిపోతే కంగారు పడకు. వెంటనే ఇంజిన్ ఆపి లంగరు వెయ్యి. ఇంజిన్ ఎత్తి కంతలకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుందేమో చూడు, పదింట్లో చాలాసార్లు అదే. లేకపోతే ధార వచ్చే కంతలోకి గాలం తంగూసు ముక్క దూర్చి ఆడించు, ఇసుకో ఉప్పో అడ్డుపడి ఉంటుంది. వేడెక్కిన హెడ్ మీద చన్నీళ్లు గుమ్మరించకు, పగులుతుంది. అరగంట చల్లారనిచ్చి తర్వాత చూడు. అప్పటికీ రాకపోతే ఫోన్ చేసి ఎవరినైనా పిలువు, నడుపుకుంటూ రావాలని చూడకు.

ఈ ఆదివారమే విప్పు. నేను చెప్పానని మన షెడ్డులో అడుగు, పానాల పెట్టె ఇస్తారు. పైపు బుష్ దగ్గరికి వచ్చినప్పుడు వీడియో కాల్ చెయ్యి, నేను చూస్తాను. తీసిన పాత ఇంపెల్లర్ పారెయ్యకుండా కాగితంలో చుట్టి పట్రా. దాని రెక్కలు ఒకసారి నా చేత్తో వంచి చూడాలి.

మీ మామయ్య