పాత షెర్మన్ పాటన్ ముందు ఎలా నిలబడింది?

రెండో ప్రపంచ యుద్ధం నాటి మన షెర్మన్ ట్యాంకులు 1965 యుద్ధంలో పాకిస్తాన్ పాటన్ ట్యాంకుల ముందు ఎలా నిలిచాయి, పాటన్ అంత పనికిరాని బండా అని అడిగారు.

పనికిరాని బండేం కాదు. కాగితం మీద చూస్తే అప్పుడు మన దగ్గరున్న వాటికంటే చాలా లెక్కల్లో అదే మెరుగు. నేను ఎనభైల్లో ఆర్మర్డ్ రెజిమెంటులో గన్నర్ని, మాది విజయంత ట్యాంకు. 65 నాటికి నాది పలకా బలపం వయసు కాబట్టి యుద్ధం చూశానని చెప్పను. కానీ అహ్మద్‌నగర్‌లో మాకు గన్నరీ నేర్పిన ఉస్తాద్ ఖేమ్‌కరణ్‌లో షెర్మన్‌లో కూర్చుని కొట్లాడినాయన. మీ ప్రశ్నే మేమూ ఆయన్ని అడిగేవాళ్లం.

ముందు గన్నర్ సీటు సంగతి చెప్తాను. వెనక కమాండర్ మోకాళ్లు వీపుకి గుచ్చుకుంటుంటాయి, ఎడమ పక్క చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఫిరంగి. బయట లోకమంతా కంటికి ఆనించిన సైటులో పళ్లెమంత గుండ్రంగా కనిపిస్తుంది. అందులో శత్రువు ట్యాంకు దొరకాలి, అది ఎంత దూరంలో ఉందో తేలాలి, వాడికంటే ముందు కొట్టాలి. దూరం తప్పితే గుండు ముందే నేలలో పాతుకుంటుంది, లేదా పైనుంచి పోతుంది.

దూరం తేల్చడానికి విజయంతలో ఫిరంగి పక్కనే ఒక 12.7 ఎంఎం మెషీన్‌గన్ ఉండేది. ముందు దానితో మెరుపు తూటాలు వదిలి, అవి తగిలాక అసలు గుండు. మహాజన్ రేంజిలో ఒక మధ్యాహ్నం ఎండమావుల్లో నా తూటాలు ఎక్కడ పడుతున్నాయో అంతు చిక్కలేదు. మూడు విడతలు వదిలాక గానీ కుదరలేదు. దిగి వచ్చాక ఉస్తాద్ తిట్టలేదు, నువ్వు చచ్చి చాలాసేపయింది, పోయి చాయ్ తాగు అన్నాడంతే.

పాటన్‌లో దీనికి బదులు స్టీరియో రేంజ్‌ఫైండర్ అనే దూరం కొలిచే పరికరం పెట్టారు. రెండు కళ్లతో చూస్తూ, సైటులోని గుర్తు సరిగ్గా లక్ష్యం ఉన్నంత లోతులో తేలుతున్నట్టు కనిపించేదాకా నాబ్ తిప్పాలి. చదునైన మైదానంలో, ఒకటిన్నర కిలోమీటరు ఆవల ఉన్న ట్యాంకు మీద అది అద్భుతమైన పరికరం. కానీ అందరి కళ్లూ దానికి ఒప్పవు, ఒప్పినవాళ్లకీ నెలల తరబడి చేయి తిరగాలి. దడదడలాడే గుండెతో ఆ గుర్తును నిలబెట్టడం ఎంత కష్టమో నాకు ఊహించుకోనక్కర్లేదు.

ఇప్పుడు దాన్ని పట్టుకెళ్లి సెప్టెంబరు నెల పంజాబ్ చెరకు తోటల్లో పెట్టండి. 8 నుంచి 10వ తేదీ దాకా ఖేమ్‌కరణ్ పక్కన అసల్ ఉత్తర్ అనే ఊరి దగ్గర జరిగింది అదే. మనవాళ్లు గుర్రపు లాడం ఆకారంలో ట్యాంకుల్ని పైరు మాటున దాచి, పొలాల్లోకి నీళ్లు వదిలారు. 45 టన్నుల పైచిలుకు పాటన్‌లు బురదలో దిగబడ్డాయి. కనుచూపు కొన్ని వందల గజాలు మించని చోట రేంజ్‌ఫైండర్‌తో పనేముంది? షెర్మన్ 76 ఎంఎం గుండు పాటన్ ముందు భాగాన్ని ఎదురుగా కొట్టి గెలవడం కష్టం. పక్కటెముకల్లో, అదీ దగ్గరనుంచి, కథ వేరు. మన లెక్కన పాకిస్తాన్ పోగొట్టుకున్నవి 97 ట్యాంకులు, వాటిలో కొన్ని చెక్కుచెదరకుండా వదిలేసి పోయినవే. మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీది 106 ఎంఎం తుపాకీతో పాటన్‌లను కొట్టి ప్రాణమిచ్చింది కూడా అక్కడే.

అక్కడ షెర్మన్‌లు నడిపింది డెక్కన్ హార్స్. ఆ రెజిమెంటు మూలం నిజాం కొలువులోని రిసాలా, అంటే గుర్రపు దళం. (బొల్లారం రిసాలాబజార్ పేరు విన్నవాళ్లకి ఆ మాట కొత్త కాదు.)

అదే పోరులో మన 3 కావల్రీ రెజిమెంటు దగ్గర సెంచూరియన్ ట్యాంకులు ఉన్నాయి. నా లెక్కలో షెర్మన్, పాటన్, సెంచూరియన్ మూడింట్లో గన్నర్‌కి అక్కరకొచ్చే బండి అదే. 50 టన్నుల పైన బరువు, గంటకు 35 కిలోమీటర్లు దాటని నడక, కానీ దాని 20 పౌండర్ ఫిరంగి వదిలే సాబో (కవచం చీల్చే) గుండు వేగం సెకనుకు 1,400 మీటర్ల పైమాటే. 600 మీటర్ల దూరాన్ని అర సెకను లోపే దాటేస్తుంది. అంత తిన్నగా పోయే గుండుకి దూరం అంచనాలో యాభై, వంద మీటర్లు అటూ ఇటూ అయినా పెద్దగా తేడా రాదు. కంటి అందాజుతో కొట్టొచ్చు.

అలాగని సెంచూరియన్ ఎక్కడికెళ్లినా గెలిచిందనుకోకండి. పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ వైపు ఫిల్లోరాలో దూసుకుపోయిన మన సెంచూరియన్‌లే చవిండా దగ్గర ఆగిపోయాయి. అక్కడ కాచుకుని కూర్చున్నది పాటన్, ముందుకు కదలాల్సింది మనం. కదిలేవాడు దుమ్ము లేపుతాడు, కూర్చున్నవాడు గురి పెట్టుకుంటాడు. పూనా హార్స్ రెజిమెంటు కమాండెంట్ తారాపోర్ 16వ తేదీన ఆ పోరులోనే పోయారు, పరమవీర చక్ర వచ్చింది. ఆయన సైన్యంలో అడుగు పెట్టింది హైదరాబాద్ సంస్థాన దళాల్లో అని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

వీలైతే అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) ట్యాంకు మ్యూజియానికి వెళ్లి పాటన్ పక్కన నిలబడండి. దాని ఎత్తు చూసి, ఆ ఎత్తున కమాండర్ తల బయటపెట్టి చెరకు తోటలోంచి వస్తుంటే ఎట్లా ఉంటుందో అనుకోండి. మా ఉస్తాద్ వాళ్లకి ముందు కనిపించింది ట్యాంకు కాదట, ఊగుతున్న చెరకు చివళ్లు.