జపాన్ బడికి వెళ్తున్న బేస్‌బాల్ ప్రేమికుడు ముందు తెలుసుకోవలసింది రబ్బరు బంతి సంగతి

మీరు అడిగింది ఇదీ: మీతో అమెరికాలో పనిచేసే ఒకాయన, బేస్‌బాల్ అంటే చెవి కోసుకునే మనిషి, విదేశీ టీచర్లని రప్పించే జెట్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద జపాన్‌లో ఒక చిన్న ఊరి మిడిల్ స్కూలుకి ఇంగ్లీషు అసిస్టెంట్ టీచరుగా వెళ్తున్నాడు. అక్కడ రోజులెలా గడుస్తాయి, ఏ మ్యాచ్‌లు చూడమని చెప్పాలి?

ఎవరినడిగినా కోషియెన్ పేరే చెప్తారు. తప్పు లేదు. హైస్కూలు జట్ల జాతీయ పోటీలు జరిగే, 1924లో కట్టిన స్టేడియం, ఒసాకా ఉమెదా నుంచి హాన్షిన్ రైల్లో పావుగంట. కానీ చిన్న ఊళ్లో ఉండే టీచరుకి అది ఏడాదికి ఒకట్రెండు రోజుల పండగ. మిగతా రోజులు బాగుంటాయా లేదా అన్నది, సాయంత్రం నాలుగింటికి బడి మైదానంలోకి దిగాడా లేక స్టాఫ్‌రూములో కుర్చీకి అతుక్కుపోయాడా అన్నదాన్ని బట్టే ఉంటుంది. దిగితే చేతికొచ్చేది మాత్రం అతనికి అలవాటైన బంతి కాదు.

మిడిల్ స్కూలు క్లబ్బుల్లోనూ, ఆదివారాలు ఆడుకునే పెద్దవాళ్ల జట్లలోనూ ఎక్కువగా నడిచేది తోలు బంతి కాదు, లోపల బోలుగా ఉండే రబ్బరు బంతి. ఆ ఆటని నాన్షికి అంటారు. ఇప్పటి బంతి పేరు ఎం. వ్యాసం 72 మిల్లీమీటర్లు, బరువు 138 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. చిన్న పిల్లలకి జె అనే బంతి, 69 మిల్లీమీటర్లు, 129 గ్రాములు. తోలు బంతి 142 నుంచి 149 గ్రాములు. అంకెలు చూస్తే, మన దగ్గర టెన్నిస్ బంతికీ కార్కు బంతికీ ఉన్నంత తేడా కూడా లేదు కదా అనిపిస్తుంది. తేడా బ్యాటుకి తగిలినప్పుడు తెలుస్తుంది.

అమెరికాలో ఇప్పుడు చాలామంది నేర్చుకునేది బంతిని కింది నుంచి పైకి లేపి కొట్టడం. తోలు బంతిని అలా కొడితే కంచె దాటుతుంది. రబ్బరు బంతి బ్యాటు మీద నొక్కుకుపోతుంది, దూరం పోవలసిన ఊపంతా ఆ నొక్కులోనే ఖర్చయిపోతుంది, బంతి నిట్టనిలువుగా లేచి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాచుకునే ఫీల్డర్) చేతిలో పడుతుంది. కండబలం ఉన్న కొత్త విదేశీ టీచరు మొదటి నెలంతా ఇలా గాల్లోకి లేపి అవుటవుతూనే ఉంటాడు. దీనికి మందు బలం పెంచడం కాదు. బ్యాటు అడ్డంగా రావాలి, బంతికి సరిగ్గా నడిమిలోనో వెంట్రుకవాసి పైనో తగలాలి. మిజునో వాళ్ల బియాండ్‌మ్యాక్స్ లాంటి బ్యాట్లకి తగిలేచోట మెత్తని పాలీయూరిథేన్ ఉంటుంది. బంతికి బదులు బ్యాటే నొక్కుకుంటుంది కాబట్టి దూరం పెరుగుతుంది. వాటిలో మంచివి 40,000 యెన్ దాటుతాయి. వాటితో తోలు బంతిని మాత్రం కొట్టకూడదు, పాడైపోతాయి.

ఫీల్డింగ్‌లో ఇంకా పెద్ద చిక్కు. ఈ ఒక్క ఘట్టం అర్థమైతే నాన్షికి సగం వచ్చినట్టే. మిడిల్ స్కూలు మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్. ఏడో ఇన్నింగ్స్, స్కోరు సమం, ఒకరు అవుట్, మూడో బేస్ మీద రన్నర్, అతను హోమ్ ప్లేటు చేరితే పరుగు. కోచ్ టోపీ అంచు తాకి, మోచేయి తాకి, బెల్టు తాకి సైగ చేస్తాడు. తతాకి అని దాని అర్థం. బ్యాటర్ బంతిని పైనుంచి దబ్బున నేలకేసి కొడతాడు. గట్టిపడిన మట్టి మీద రబ్బరు బంతి రెండు నిలువుల ఎత్తు లేస్తుంది. బ్యాటు బంతిని తాకేసరికే రన్నర్ పరుగు మొదలుపెట్టి ఉంటాడు. తోలు బంతి అలవాటున్న షార్ట్‌స్టాప్ బంతి దిగేదాకా ఉన్నచోటే కాచుకుంటాడు. దిగి, చేతిలో పడి, హోమ్‌కి విసిరేలోపు రన్నర్ ప్లేటు దాటి దుమ్ము దులుపుకుంటుంటాడు. ఒక్కడు కూడా సరైన హిట్ కొట్టకుండానే మ్యాచ్ అయిపోతుంది. ఎం బంతిని 2018లో పెద్దవాళ్లకి, 2019లో మిడిల్ స్కూళ్లకి తెచ్చినప్పుడు పాతదానికన్నా తక్కువ ఎగిరేలా చేశారు. అయినా ఈ ఎత్తుగడ చావలేదు. మూడో బేస్ మీద రన్నర్ ఉంటే బేస్‌ల దగ్గర కాచుకునే ఇన్‌ఫీల్డర్లు ముందే మూడు నాలుగడుగులు లోపలికి రావాలి, బంతి నేల మీంచి లేస్తున్నప్పుడే అందుకోవాలి. ఈ ఆలోచన తెలిసిన విదేశీ టీచరుకి జట్టులో వెంటనే గౌరవం దొరుకుతుంది.

ఇంగ్లీషు టీచరే కదా, మైదానంలో భాష ఇబ్బంది ఉండదనుకోవద్దు. అక్కడి బేస్‌బాల్ ఇంగ్లీషు వేరు. నాలుగు బాల్స్‌కి (బాల్ అంటే బ్యాటర్ ఊపకుండా వదిలేసిన, గురి తప్పిన బంతి) బేస్ దొరికితే ఫోర్‌బాల్, బంతి ఒంటికి తగిలితే డెడ్‌బాల్, మ్యాచ్ ముగించే హిట్ సయోనారా హిట్. క్యాచ్ వదిలేసినవాడికి దోన్‌మై అంటారు, ఫర్వాలేదని. గాల్లోని బంతి నాది అని చెప్పడానికి ఓరై, ఓరై అని అరుస్తారు. మీ స్నేహితుడు అమెరికన్ అలవాటుకొద్దీ ఐ గాట్ ఇట్ అని అరిస్తే సెంటర్‌ఫీల్డ్ కుర్రాడు ఆగడు. ఇద్దరూ ఒకే బంతికి పరుగెత్తి మూతులు పగలగొట్టుకుంటారు. ఓరై అన్న ఒక్క మాట మొదటిరోజే నోటికి పట్టించుకోవాలి. 2010 దాకా అక్కడ స్ట్రైకులు ముందు, బాల్స్ తర్వాత లెక్కపెట్టేవారు. ఇప్పుడు బాల్స్ ముందు. పాత తరం వాళ్లు ఇంకా ఫుల్ కౌంట్‌ని, అంటే మూడు బాల్స్, రెండు స్ట్రైకులని, టూ-త్రీ అంటారు కాబట్టి, నోటిమాట నమ్మకుండా స్కోరుబోర్డు మీది దీపాలు చూడాలి.

స్కోరుబుక్కులోనూ ఇలాంటిదే ఒకటుంది. అమెరికాలో తిరగేసిన కె అంటే మూడో స్ట్రైకుకి బ్యాటు ఊపకుండానే అవుట్ (స్ట్రైకౌట్) అవడం. జపాన్ బడుల్లో వాడే వాసెదా పద్ధతిలో తిరగేసిన కె అంటే మూడో స్ట్రైకుని క్యాచర్ జారవిడిచాక బ్యాటర్ పరుగెత్తడం. అవుట్లు గడి మధ్యలో రోమన్ అంకెలతో వేస్తారు. నింపిన సున్నా బంతి విసిరే పిచర్ ఖాతాలో పడే పరుగు, ఖాళీ సున్నా ఫీల్డర్ల తప్పిదంవల్ల వచ్చిన పరుగు.

క్లబ్బులోకి వెళ్లే దారి ఇదీ. జెట్ టీచర్లలో ఎక్కువమంది దిగేది జులై ఆఖర్లో, ఆగస్టు మొదట్లో. వేసవి సెలవులు, పాఠాలుండవు, క్లబ్బులు మాత్రం నడుస్తాయి. పైగా ఆఖరిదైన మూడో ఏడు పిల్లలు వేసవి టోర్నీతో తప్పుకుని అప్పుడే కొత్త జట్టు మొదలై ఉంటుంది. చేరడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ముందు క్లబ్బు బాధ్యత చూసే టీచరుని, అంటే కొమొన్‌ని అడగాలి, తర్వాత వైస్ ప్రిన్సిపాల్‌ని. వరస తిప్పితే ఇద్దరినీ చిన్నబుచ్చినట్టవుతుంది. 2018 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం సాధన మామూలు రోజుల్లో సుమారు 2 గంటలు, సెలవు రోజుల్లో 3 గంటలు, వారానికి కనీసం 2 రోజులు విశ్రాంతి.

ఇక్కడ నాకు కడుపుమంట ఉన్న విషయం ఒకటి చెప్పాలి. విదేశీ టీచరుని టేపురికార్డరులా వాడుకునే క్లాసులు ఇంకా ఉన్నాయి. పాఠం చదువు, పిల్లలు వల్లిస్తారు, కూర్చో. మధ్యాహ్నం వరకూ నోరు మెదపని పిల్లాడు మైదానంలో ఆ టీచరుతోనే గ్రౌండర్, అంటే నేల మీద దొర్లుకొచ్చే బంతి, ఎలా పట్టాలో సగం ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఆ దేశానికి ఈ ఆట తెచ్చింది కూడా ఒక విదేశీ టీచరే. మెయిన్ రాష్ట్రంలోని గోరం నుంచి వచ్చిన హొరేస్ విల్సన్, 1872లో టోక్యోలో విద్యార్థులకి నేర్పాడు. 2003లో జపాన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. ఇంత చరిత్ర పెట్టుకుని టీచరుని కుర్చీలో కూర్చోబెట్టడం అన్యాయం.

ఆట అయ్యాక ఇంటికి పరుగెత్తకూడదు. తూనీగ ఆకారంలో ఉండే చెక్క పనిముట్టు, పేరు కూడా తొంబో అంటే తూనీగే, తీసుకుని అందరితోపాటు మట్టి చదును చేయాలి. బేస్‌ల మధ్య దారిని పొడుగునా లాగాలి. అడ్డంగా లాగితే మట్టి గడ్డి అంచుకి చేరి గట్టు కడుతుంది, బంతి దానికి తగిలి మొహం మీదకి లేస్తుంది.

చూడటానికైతే జులైలో జరిగే జిల్లా స్థాయి హైస్కూలు పోటీలు చూడమనండి. దేశమంతా మూడు వేలకు పైగా జట్లు, కోషియెన్‌కి చేరేవి 49. ఒక్క ఓటమితో ఇంటికే. పక్క ఊరి మునిసిపల్ స్టేడియంలో తన పాత విద్యార్థులే ఆడుతుంటారు. బడి ఇంకా నడుస్తుంటుంది కాబట్టి సగం రోజు సెలవు ముందే రాయించుకోవాలి.

సామాను విషయం. గ్లవ్ తీసుకెళ్లమనండి, తోలు బంతి గ్లవ్ రబ్బరు బంతికి బరువే తప్ప పనికొస్తుంది. బ్యాటు వద్దు, అధికారిక మ్యాచ్‌ల్లో లోహపు, కాంపోజిట్ బ్యాట్లయితే జెఎస్‌బిబి (నాన్షికి ఆటని చూసుకునే జాతీయ సమాఖ్య) ముద్ర ఉన్నవే ఒప్పుకుంటారు. పాదం పెద్దదైతే బూట్లు రెండు జతలు పెట్టుకోమనండి, చిన్న ఊరి దుకాణాల్లో ఆ సైజులు దొరకవు. ఆదివారం జట్టులో చేరేటప్పుడు స్పోర్ట్స్ సేఫ్టీ ఇన్సూరెన్సులో తన పేరు కలిపారో లేదో అడగాలి. అది నలుగురికి తక్కువ కాకుండా గుంపుగా కట్టేది, ఎప్పుడు కట్టినా మార్చి 31తో ముగుస్తుంది.