ఒకే స్కోప్‌ను మూడు రైఫిళ్లకు వాడవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. నా దగ్గర .308 రైఫిల్ (పెద్ద తూటాది), .22 రైఫిల్ (చిన్న తూటాది), ఒక స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (స్ప్రింగు నొక్కే గాలితో కాల్చేది) ఉన్నాయి. ఖరీదైన స్కోప్ (గురి చూసే దుర్బిణి) మాత్రం ఒకటే. దాన్నే మూడింటికీ మార్చుకుంటూ వాడవచ్చా? (ఒక పాఠకుడు, ఆస్టిన్)

జవాబు: మొదటి రెండింటికీ నిక్షేపంగా వాడవచ్చు. ఎయిర్ రైఫిల్ జోలికి మాత్రం తీసుకెళ్లకండి.

స్కోప్‌ను మార్చినంత సులువుగా గురి మారదు. రెయిలు (తుపాకి మీద స్కోప్‌ను బిగించే పట్టీ) బిగింపు, తూటా బరువు, వేగం అన్నీ రైఫిల్‌ను బట్టి వేరు. కాబట్టి .308కి సరిచేసిన స్కోప్‌ను .22 మీద పెడితే తూటా మరోచోట తగులుతుంది. ఆ తేడా ఎంతో ఒకసారి కొలిచి రాసిపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల్లోంచి దాన్ని విప్పవద్దు. లివరు తిప్పితే ఊడివచ్చే మౌంటు (రింగులను రెయిలుకు బిగించే భాగం) కొని, రింగులతో సహా మార్చండి. డబ్బు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. చవక మౌంటు తిరిగి అదే చోట కూర్చోదు. రెండు రైఫిళ్లకూ పికటిన్నీ (వరసగా అడ్డగాడులు ఉండే రకం) రెయిలే ఉండాలి. చాలా .22లకు 3/8 అంగుళాల డవ్‌టెయిల్ (పక్కలు వాలుగా కోసిన పట్టీ) మాత్రమే ఉంటుంది, అడాప్టర్ కావాలి. వీవర్ బేస్ (ఇంకో రకం రెయిలు) చూడటానికి పికటిన్నీలాగే ఉన్నా దాని గాడి 0.180 అంగుళాలు, పికటిన్నీది 0.206. పికటిన్నీ మౌంటు అడ్డబోల్టు అందులో దిగదు. మౌంటును ప్రతిసారీ అదే గాడిలో పెట్టి, గొట్టం వైపు నెట్టి పట్టుకుని లివరు మూయండి. గాడి పక్కన పెయింట్ చుక్క పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

ఇక లెక్క. .308ను 100 గజాలకు సరిచేసి, టరెట్‌ను (గురిని పైకీ కిందికీ జరిపే స్కోప్ నాబ్) సున్నాకు తెచ్చుకోండి. స్కోప్‌ను .22కి మార్చి 50 గజాల్లో అయిదు తూటాలు కాల్చండి. అవి 36 మిల్లీమీటర్లు కిందికి పడ్డాయనుకుందాం. పావు ఎంఓఏ (కోణం కొలత) టరెట్‌లో ఒక్కో క్లిక్కు 100 గజాల దగ్గర సుమారు 6.6 మిల్లీమీటర్లు, 50 దగ్గర అందులో సగం. అంటే దాదాపు పదకొండు క్లిక్కులు పైకి. ఆ అంకెను టేపు మీద రాసి .22 పిడికి అంటించండి. పారలాక్స్ నాబ్ (దూరాన్ని బట్టి స్కోప్‌ను సరిచేసేది) ఉంటే దాన్నీ 50కి తిప్పాలి. వేటకు వెళ్లేముందు మాత్రం ఆ అంకెను నమ్ముకుని బయలుదేరవద్దు, కాల్చి చూసుకోవాల్సిందే.

ఎయిర్ రైఫిల్ ఎందుకు వద్దంటే, అందులో స్ప్రింగు విడుదలైనప్పుడు తుపాకి మొదట వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. మామూలు స్కోప్‌లను వెనక్కి తన్నే దెబ్బకే తట్టుకునేలా చేస్తారు. ఈ ఎదురు కుదుపుకు .308ను ఏళ్లపాటు భరించిన స్కోప్ లోపల కూడా అద్దాలు కదిలిపోవచ్చు, గురిగీతలు తెగిపోవచ్చు. దానికి ఎయిర్‌గన్ కోసమే చేసిన స్కోప్ వేరే కొనండి.