అద్దెతో ఈఎంఐ గడుస్తుందా?

ప్రశ్న: నాన్న కట్టించిన ఇంట్లో ఉంటున్నాం, ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. హన్మకొండలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్లో 50 లక్షల ఫ్లాట్ చూశాం. ఏడాదిలో ఇస్తామంటున్నారు. చేతిలో 6 లక్షలున్నాయి, జీతం చేతికి 62 వేలు, వేరే అప్పులు లేవు. పాత ఇల్లు అద్దెకిస్తే నెలకు 8 వేలు వస్తాయి, అది ఈఎంఐకి పనికొస్తుంది కదా అని. పది శాతం కడితే చాలు, మిగతాది బ్యాంకే చూసుకుంటుందని సేల్స్ అతను అంటున్నాడు. దిగమంటారా? - ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఆ ఫ్లాట్‌కైతే వద్దండీ. ఈఎంఐ సంగతి తర్వాత, ఆ 6 లక్షలతో మీరు రిజిస్ట్రేషన్ దాకా కూడా చేరలేరు.

పది శాతం అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు, కాకపోతే మీకు వర్తించదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లోన్ 30 లక్షల లోపుంటేనే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, అది దాటితే 75 లక్షల వరకు 80 శాతమే. అంటే మీకు 40 లక్షలు, 10 లక్షలు మీ జేబులోంచి. అది కూడా బ్యాంకు పంపే వాల్యుయర్ ఫ్లాట్ 50 చేస్తుందని రాస్తేనే. ఆయన 46 అని రాశాడనుకోండి, లోన్ 36 లక్షల 80 వేలకు దిగుతుంది, ఆ తేడా కూడా మీ నెత్తినే. ఇక స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన దగ్గర 7.5 శాతం, 3 లక్షల 75 వేలు. ఇంకా కడుతున్న బిల్డింగ్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, మరో రెండున్నర లక్షలు. మొత్తం 16 లక్షల 25 వేలు అయింది, లాయరు, ప్రాసెసింగ్ ఫీజు, కప్‌బోర్డులు ఇంకా లెక్కలోకి రాలేదు.

"విలువ ఎక్కువ చూపిద్దాం, లోన్ ఎక్కువొస్తుంది" అని ఎవరైనా అంటే వినకండి. లేని విలువ చూపి లోన్ తీసుకోవడం బ్యాంకును మోసం చేయడమే, పైగా ఆ పెంచిన విలువ మీద కూడా 7.5 శాతం కట్టాలి.

ఇప్పుడు అద్దె. ఫ్లాట్ చేతికొచ్చేదాకా మీరు పాత ఇంట్లోనే ఉంటారు కదా, మరి ఆ ఏడాది అద్దె ఎక్కడిది? బ్యాంకు మాత్రం ఇచ్చినంత డబ్బు మీద వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. బిల్డర్ ఆర్నెల్లు ఆలస్యం చేస్తే ఆ ఆర్నెల్లూ అంతే. ఇంకొకటి, ఇల్లు నాన్నగారిది కాబట్టి అద్దె ఆయన ఆదాయం. ఆయన్ని కో-అప్లికెంట్‌గా చేర్చకపోతే బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోదు, చేరిస్తే ఆయన వయసు చూసి లోన్ కాలం తగ్గించమనవచ్చు. అద్దె లేకుండా చూస్తే, 8 శాతం వడ్డీకి 20 ఏళ్లకు 40 లక్షల ఈఎంఐ సుమారు 33,500, మీ జీతంలో సగానికి పైనే.

మా పాత ఇల్లు నేనూ అద్దెకిచ్చాను. మొదటి ఏడాది మూడు నెలలు ఖాళీ, గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు మీద ఫోన్ నంబర్ ఎండకు వెలిసిపోయి చివరి రెండంకెలు కనిపించకుండా పోయాయి, ఎవరూ ఫోన్ చేయడం లేదేమిటా అని మేమేమో ఎదురుచూపులు. తర్వాత బోరు మోటారు కాలింది, వానాకాలం వంటింటి స్లాబు కారింది. ఇంటి పన్ను సరేసరి. ఆ అద్దె ఆ ఇంటికే సరిపోయింది, ఈఎంఐకి పైసా మిగల్లేదు.

నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టి మిగతాది తేవచ్చు కదా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారేమో. ఉన్న ఒక్క ఇల్లూ బ్యాంకు చేతిలో పెట్టమని నేను చెప్పను.

ఇల్లు మారడం తప్పదనుకుంటే 33 లక్షల లోపు పాత ఫ్లాట్లు చూడండి. చేతులు మారే ఫ్లాటు కాబట్టి జీఎస్టీ గొడవ లేదు. బ్యాంకు ఒప్పుకుంటే లోన్ 29 లక్షల 70 వేలు, మీరు 3 లక్షల 30 వేలు, రిజిస్ట్రేషన్ రెండున్నర లక్షలు, అంటే మీ 6 లక్షలు బొటాబొటిగా సరిపోతాయి. ఈఎంఐ 25 వేల లోపు, ఒక్క జీతం మీదే నడుస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ (ఆ ఫ్లాట్ మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు అది చేతులు మారిన పత్రాలు) లాయరుకు చూపించండి, బిల్డింగ్ వయసెంతో బ్యాంకులో ముందే చెప్పి 90 శాతం ఇస్తారో లేదో అడగండి. చేతిలో ఏమీ మిగలదు కాబట్టి ఒక ఆర్నెల్లు ఆగి ఇంకో లక్ష, లక్షన్నర కూడబెట్టుకుని దిగితే నాకు నచ్చుతుంది. కిరాయిదారుడు దొరికితే ఆ 8 వేలు నాన్నగారి ఖాతాలోనే పడనివ్వండి.